ఎకరాకు 48 కిలోల నత్రజని వేయమంటే ఎన్ని బస్తాల యూరియా?

45 కిలోల బస్తాలైతే రెండుంపావు కంటే కాస్త ఎక్కువ, అంటే దాదాపు 104 కిలోల యూరియా.

యూరియాలో నత్రజని 46 శాతమే. అందుకే సిఫార్సు చేసిన నత్రజనిని 0.46తో భాగించాలి. బస్తాకు దక్కేది 20.7 కిలోలు. పాత లెక్కలు 50 కిలోల బస్తాకు వేసినవి, వాటిని అలాగే వాడితే తేడా వస్తుంది.

దుక్కిలో డీఏపీ వేస్తే లెక్క మారుతుంది. 50 కిలోల డీఏపీ బస్తాలో భాస్వరంతో పాటు 9 కిలోల నత్రజని కూడా ఉంటుంది. వరికి 48 కిలోలు చెప్పారనుకుందాం: ఒక బస్తా డీఏపీ పోగా మిగిలింది 39 కిలోలు, దానికి 85 కిలోల యూరియా చాలు. ఈ 9 కిలోలను లెక్కలోంచి వదిలేయడం చాలా మామూలు. యూరియా మోతాదు మించితే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, అగ్గితెగులు, దోమపోటు ఎక్కువవుతాయి.

అందరూ తికమకపడేది ఒకటుంది: 48 కిలోల నత్రజని అంటే 48 కిలోల యూరియా కాదు. అంత మాత్రమే వేస్తే పైరుకు అందేది 22 కిలోలే.