ఆఫీసు నుంచి రాంగనె చెయ్యి దేనిమీద పడాలె?

బిడ్డా,

మొన్న ఫోన్ల అన్నవ్ గద, "పెద్దమ్మా పొద్దంత మంచిగనే ఉంట, రాత్రి అయ్యేసరికి ఏది దొరికితె అది తింట, తిన్నంక నామీద నాకే యాష్టకొస్తది" అని. డైట్ ప్లాన్ ఏమన్న చెప్పమన్నవ్. ప్లాన్లు నాకు రావు, ఇల్లు సదురుడు వస్తది, అదే చెప్త విను.

నీ ఫ్లాట్‌కి వచ్చినప్పుడు చూసిన. స్టవ్ పక్కనే చిప్స్ ప్యాకెట్లు, ఉస్మానియా బిస్కెట్ల డబ్బా, నూడుల్స్. జామకాయలేమో ఫ్రిజ్ల అడుగు డ్రాయర్ల, కవర్‌కి ముడేసి. గచ్చిబౌలి ట్రాఫిక్ల పడి ఎనిమిదిన్నరకు ఇంటికొచ్చినోళ్లు వంగి డ్రాయర్ గుంజి ముడి విప్పి కడిగి కోసుకొని తింటరా ఎవరన్న? నేనైతె తినను. చెయ్యి దగ్గరున్నదాని మీదికే పోతది. అందుకే ఆ టైంకు మనసును గట్టిగ పెట్టుకుందాం అనుకోకు, పొద్దుగాల బుర్ర మంచిగున్నప్పుడే ఏది ఏడుండాల్నో చేసిపెట్టుకో.

ఫస్ట్ ఫ్రిజ్ సంగతి. తలుపు తీయంగనె కండ్ల ముంగట ఉండే అర ఉంటది చూడు, అదొక్కటి నీ రాత్రి ఆకలికి వదిలెయ్. ఆడ బయటికెళ్లి కనపడే డబ్బాలల్ల కోసిన కీర, క్యారెట్, ఉడకబెట్టిన శనగలో బొబ్బర్లో, పక్కకు పెరుగు గిన్నె. శనగలు ఉడికి ఉన్నయంటే ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కల్యామాకు పోపేస్తె ఐదు నిమిషాలల్ల గుడాలు రెడీ, యాప్ తీసి ఏం తెప్పించాల్నని చూసేంత టైం గూడ పట్టది. మిగిలిన స్వీట్లు, కేక్ ముక్కలు స్టీల్ గిన్నెల మూతపెట్టి ఎనకకు నెట్టు. పడేయమంటలేను, తినొద్దంటలేను, కావాలంటె వెతుక్కొని తిను గంతే. పాలు తలుపుల పెట్టకు, మాటిమాటికి తీస్తుంటె ఫ్రిజ్ మొత్తంల అక్కడే వేడెక్కువ తగుల్తది, ఆడ తొక్కు సీసాలు, సాసులు పెట్టుకో.

ఆకుకూరలు కవర్ల నుంచి తీయకుండ పెడ్తవ్, చెమట పట్టి రెండోనాటికి మురుగుతయ్. వేర్లు కోసేసి, తడి ఆరినంక పాత నూలు బట్టల చుట్టి పెట్టు. అరటిపండ్లు, యాపిల్ పండ్లు వాటి పక్కన వద్దు, ఆ పండ్లు పండేటప్పుడు ఎథిలీన్ అనే గ్యాస్ వదుల్తయ్, దానితోని పాలకూర, కొత్తిమీర తొందరగ పసుపు పడ్తయ్. ఆలుగడ్డ ఫ్రిజ్ల వద్దేవద్దు, సల్లదనానికి దాన్ల పిండి చక్కెరగ మారుతది. గాలి తగిలే బుట్టల వెయ్, ఉల్లిగడ్డలకు వేరే బుట్ట. ఇదంత ఎందుకు చెప్తున్ననంటె ఫ్రిజ్ తెరవంగనె మురిగిన వాసన వచ్చిందనుకో, వండుకుందాం అనే మూడే పోతది, ఇగ చెయ్యి ఫోన్ మీదికి పోతది. సగం ఆర్డర్లు ఆకలికి కాదు, ఆ చిరాకుకే అని నా డౌట్.

ఇంకోటి, రాత్రి లొల్లి అంత పొద్దుగాల్నే మొదలైతది. టిఫిన్ ఎగ్గొడ్తవ్, పదకొండుకు చాయ్ బిస్కెట్, ఐదింటికి మళ్ల చాయ్. తీపి తిన్నంక లేసిన హుషారు కాసేపటికి దిగిపోతది, అప్పుడు మేనేజర్ మంచిమాట చెప్పినా కోపమొస్తది. ఆఫీస్ బ్యాగ్ల ఒక చిన్న డబ్బా పెట్టు, పల్లీలు, పుట్నాలు కలిపి. బ్యాగ్ల అంటె ముంగటి జిప్‌ల, అడుగున కాదు. సాయంత్రం చాయ్ ఐదింటిదాక ఆగకుండ జర ముందుగాల్నే తాగెయ్, దాన్ల కెఫిన్ ఐదారు గంటలైనా సగం ఒంట్లనే ఉంటది, నిద్ర చెడ్తది, నిద్ర చెడితె తెల్లారి మళ్ల తీపి మీదికే గుంజుతది.

మన తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ ఉంది గద, వాళ్లు 2024ల ఇచ్చిన సూచనలల్ల రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు అన్నరు, ఉప్పు 5 గ్రాములు దాటొద్దన్నరు. తూకం పెట్టుకొని తినుడు మనతోని కాదు. కూర గిన్నె టేబుల్ మీద పెట్టు, అన్నం గంజు స్టవ్ మీదనే ఉండనీ. రెండోసారి అన్నం కావాలంటె లేసి పోవాలె, కూర అయితె చెయ్యి చాపితె దొరుకుతది. తొక్కు లేంది ముద్ద దిగదు నీకు, నాకు తెల్వదా, కాని జాడీ మొత్తం తెచ్చుకోకు, స్పూన్‌తోని కొంచెం ప్లేట్ల ఏసుకొని రా.

టేబుల్ అంటె గుర్తొచ్చింది, ఆ ల్యాప్‌టాప్, చార్జర్లు, పార్సిల్ అట్టపెట్టెలు తీసెయ్. మంచంమీద కూసొని ఫోన్ చూసుకుంట తింటె ఎంత తిన్నవో నీకే తెల్వది. నీ రూమ్మేట్ చిప్స్ తింటదంటె తిననీ, ఆమెకు వేరే అర ఇయ్యి, దానికోసం గొడవలొద్దు. పది నిమిషాలల్ల సామాన్ తెచ్చే యాప్‌లు ఫోన్ల మొదటి స్క్రీన్ మీదికెళ్లి తీసెయ్, అది గూడ ఒక అల్మారీ లెక్కనే.

అన్నీ ఒక్కరోజు చెయ్యకు, అలిసిపోయి మొత్తానికే వదిలేస్తవ్. ఈ వారం ఫ్రిజ్ల ఆ ఒక్క అర చాలు.

ఇగ ఒక మాట సీరియస్‌గ చెప్త. యాష్ట తిండి వరకే ఉంటె ఈ సదురుడు పనికొస్తది. వారాల తరబడి మనసు బాగలేకపోతె, ఇష్టమైన పనులు గూడ చెయ్యబుద్ధి కాకపోతె, నిద్ర పట్టకపోతె డాక్టర్‌కు చూపియ్యాలె, సిగ్గుపడకు. 14416 టెలి మానస్ నంబర్, మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన ఫోన్ లైన్, ఫ్రీ, తెలుగుల మాట్లాడ్తరు. నాకు ఫోన్ చేసినా సరే, అర్ధరాత్రి అయినా ఎత్తుత.

ఆదివారం ఎర్రగడ్డ రైతుబజార్ నుంచి కూరగాయలు తీసుకొని సీదా మీ ఇంటికే వస్త. ఆ నూడుల్స్, చిప్స్ అన్నీ సజ్జ మీదికి ఎక్కిద్దాం, నాకు అందది, పక్కింటోళ్ల దగ్గర స్టూల్ అడిగి పెట్టు.

పెద్దమ్మ