అండమాన్ కన్నా ముందు ఏప్రిల్, మే నెలలు దాటాలి

ప్రశ్న: సార్, మేం నల్గొండలో ఉంటున్నాం. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని, జీతం 42 వేలు. ఏప్రిల్, మే నెలల్లో సగం జీతమే ఇస్తారు. నా భార్య ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, 24 వేలు వస్తాయి. బాబుకు ఆరేళ్లు. అమ్మానాన్న దేవరకొండ దగ్గర ఊళ్లో ఉంటారు, మూడెకరాల బత్తాయి తోట ఉంది. మా పదో పెళ్లిరోజుకు, సంక్రాంతి సెలవుల్లో అండమాన్ వెళ్లి ముగ్గురం స్కూబా డైవింగ్ చేయాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. విమానానికి 75 వేలు, హోటళ్లకు 70 వేలు, ఓడలకు, కార్లకు 30 వేలు, స్కూబాకు 45 వేలు, తిండికి, చిల్లర ఖర్చులకు 20 వేలు, మొత్తం 2.40 లక్షలు అవుతుంది. బ్యాంకు యాప్‌లో 18 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ రెడీగా చూపిస్తోంది. లేదంటే 3 లక్షల చిట్టీ ఉంది, 30 నెలల్లో 9 నెలలు కట్టాను, 60 వేలు వదులుకుంటే ఇప్పుడే ఎత్తుకోవచ్చు. రెండింటిలో ఏది మంచిది? సేవింగ్స్‌లో 60 వేలు ఉన్నాయి. పోయిన వేసవిలో వాడిన క్రెడిట్ కార్డు బాకీ 38 వేలు ఉంది, కనీస మొత్తం కడుతున్నాం. నా భార్యకు చలికాలంలో ఉబ్బసం వస్తుంది. స్కూబా ఫారంలో అది రాయకపోతే ఫర్వాలేదా?

జవాబు: రెండూ మంచివి కావు. మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ మధ్య వచ్చే ప్రశ్నల్లో ఊరు మారుతోంది, దేశం మారుతోంది, తప్పు మాత్రం ఒక్కటే. అప్పు ఎక్కడ తేవాలో అడుగుతున్నారు గానీ, తెచ్చాక వచ్చే మొదటి ఇబ్బందిని దేనితో దాటాలో ఎవరూ అడగడం లేదు.

మీరు పంపిన ఖర్చుల పట్టికే చూద్దాం. అద్దె 9 వేలు, చిట్టీ 10 వేలు, బండి వాయిదా 4 వేలు, బాబు స్కూలుకు 4 వేలు, ఇంటి సరుకులకు 12 వేలు, ఊరికి పంపేది 6 వేలు, పెట్రోలు, కరెంటు, ఫోన్లు, కార్డు కనీస మొత్తం కలిపి 8 వేలు. మొత్తం 53 వేలు. 66 వేల ఆదాయంలో 13 వేలు మిగులుతున్నాయి కదా, 8,677 రూపాయల ఈఎంఐ కట్టలేమా అనుకున్నారు. పది నెలల వరకు ఆ లెక్క సరిపోతుంది. ఏప్రిల్‌లో మీ ఇంటికి వచ్చేది 45 వేలే. అప్పు లేకుండానే 8 వేలు తక్కువ. ఈఎంఐ కూడా తోడైతే 16,677 తక్కువ. మేలో మళ్లీ అంతే. పోయిన వేసవిలో కార్డు గీకింది ఇందుకే. ఆ బాకీ ఇంకా తీరకముందే వచ్చే వేసవికి మరో గొయ్యి తవ్వుకుంటున్నారు.

యాప్‌లో లోన్ రెడీగా ఉందంటే మీకు కట్టే శక్తి ఉందని బ్యాంకు హామీ ఇచ్చినట్టు కాదు. వేసవిలో మీకు సగం జీతమే వస్తుందన్న సంగతి దానికి తెలియదు, మీకు తెలుసు. 2.40 లక్షలకు మూడేళ్లలో వడ్డీ 72 వేలు దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దానిపై జీఎస్టీ కలిపితే మరో 5,664. ఆరు రోజుల సెలవుకు 3.18 లక్షలు చెల్లిస్తారు, అదీ బాబు మూడో తరగతి దాటేదాకా. ఎంత తేలిగ్గా దొరికినా సరే, సెలవుల కోసం అప్పు చేయొద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇక అసలు విషయం. మీకు అత్యవసర నిధి లేదు. 60 వేలు ఉన్నాయని రాశారు, అందులో 38 వేలు కార్డు కంపెనీవి. ఆ బాకీకి నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంటే సేవింగ్స్ ఖాతాలో డబ్బు ఉంచుకోవడం అర్థం లేని పని. ఈరోజే పూర్తిగా కట్టేయండి. మిగిలిన 22 వేలు, ఇద్దరు ఉద్యోగులు, ఒక పిల్లాడు, ఇద్దరు పెద్దవాళ్లు ఉన్న ఇంటికి సగం నెల ఖర్చుకు కూడా చాలవు.

మీలాంటి ఇంటికి కష్టం చెప్పి రాదనేది పాత మాట. మీకైతే చెప్పే వస్తోంది. ప్రతి ఏప్రిల్‌లో జీతం తగ్గుతుందని తెలుసు. ఎండాకాలం దేవరకొండ వైపు బోర్లు అడుగంటుతాయని, మోటారు కాలితే ఫోన్ మీకే వస్తుందని తెలుసు. మీ నాన్నగారికి ఆరోగ్యశ్రీ ఉందని రాశారు, సంతోషం. 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలు. కానీ అది నెలనెలా మందులకు రాదు, హైదరాబాద్‌లో పది రోజులు పక్కన ఉండే మనిషి ఖర్చుకూ రాదు. స్కూబా నేర్పేవాళ్లు సిలిండర్‌లో 200 బార్ల (బార్ అంటే గాలి ఒత్తిడికి కొలత) గాలితో దింపుతారు, 50 బార్లు మిగిలి ఉండగానే పైకి తీసుకొచ్చేస్తారు. ఆ 50 బార్లు ఇంకాసేపు చేపలు చూడటానికి కాదు. నేను అడుగుతున్న నిధి కూడా అలాంటిదే.

ఎంత ఉండాలి? మామూలుగా ఆరు నెలల ఖర్చు అంటాను, మీకైతే 3 లక్షలు. ఒక్కసారిగా కాదు. కార్డు తీరితే నెలకు 15 వేలు మిగులుతాయి. ఈ జూలై నుంచి మార్చి దాకా వేస్తే, 22 వేలతో కలిపి 1.57 లక్షలు. అందులోంచి ఆరోగ్య బీమా ప్రీమియానికి 25 వేలు అనుకోండి. ఏప్రిల్, మే నెలల్లో నెలకు 6 వేల లోటు అందులోంచే పూడ్చుకున్నా జూన్ నాటికి 1.20 లక్షలు నిలుస్తాయి. మొదటిసారి వేసవిని కార్డు ముట్టకుండా దాటుతారు. ఈ డబ్బు జీతం పడే ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో, యూపీఐకి కలపని ఖాతాలో వేసి, నెల ఖర్చుకు మించినది స్వీప్ డిపాజిట్‌గా (అవసరమైతే దానంతటదే ఖాతాలోకి తిరిగొచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్) మార్చండి. దీనిపై రాబడి ఎంతని అడగొద్దు.

చిట్టీ సంగతి. రిజిస్టరైన కంపెనీదే కాబట్టి కట్టడం ఆపకండి, ఎత్తకండి. ఇప్పుడు పాట పాడితే 60 వేలు, 5 శాతం కమీషన్ పోగా చేతికి 2.25 లక్షలు వస్తాయి. చివరిదాకా ఆగితే 2.85 లక్షలు. పైగా ఎత్తాక మిగతా 21 వాయిదాలకు జామీనుదారులను చూపించాలి, ఒక్క నెల తప్పినా మాట వాళ్ల మీదికి పోతుంది. ఆగితే వచ్చే మార్చి కాక ఆపై మార్చికి చిట్టీ పూర్తవుతుంది. ఆ నాటికి మీ అత్యవసర నిధి మరో ఏడాది ప్రీమియం కట్టాక కూడా 2.45 లక్షల దగ్గర ఉంటుంది. ఇంటర్ పరీక్షలు అయిపోతాయి, అండమాన్‌లో వానాకాలం ఇంకా మొదలై ఉండదు. ఏప్రిల్‌లో వెళ్లండి, చిట్టీ డబ్బుతో వెళ్లండి. అప్పటికి పదకొండో పెళ్లిరోజు కూడా దాటి ఉంటుంది. తక్కువేమీ కాదు.

బీమా దగ్గర నాకు భయం వేసింది. మీకు కాలేజీ ఇచ్చిన 2 లక్షల గ్రూప్ పాలసీ ఒక్కటే ఉంది. జీతం 21 వేలు దాటడంతో మీ శ్రీమతికి ఈఎస్‌ఐ పోయింది. బాబుకు ఏమీ లేదు. రోజూ ఆసుపత్రిలో బిల్లులు చూసే మనిషికే పాలసీ లేకపోవడం ఏమిటండీ? ముగ్గురికీ కలిపి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ కూడా లేదు. ప్రతిపాదన పత్రంలో ఉబ్బసం తప్పకుండా రాయండి. ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు నిరీక్షణ పెడతారేమో, పెట్టనివ్వండి. దాచిపెట్టి తీసుకున్న పాలసీ అవసరం పడ్డ రోజున చేతికి రాదు.

స్కూబా ఫారం విషయంలో అయితే ఇది డబ్బు ప్రశ్నే కాదు. నీటి అడుగున ఉబ్బసం వచ్చి ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుపోతే, పైకి వచ్చే కొద్దీ ఆ గాలి వ్యాకోచిస్తుంది. ఫిజిక్స్ చెప్పేవారు, బాయిల్ సూత్రం మీకు నేను చెప్పనక్కర్లేదు. ప్రాణం పోవచ్చు. ఛాతీ వైద్యుడికి చూపించి, ఆయన రాసిస్తేనే టికెట్లు కొనండి. వద్దంటే తిరిగిరాని బుకింగ్ డబ్బైనా మిగులుతుంది. ఇంకొకటి, ఆరోగ్య పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు వృత్తిగా చేసేవాళ్ల గురించి. కానీ ప్రమాద బీమాలో, ప్రయాణ బీమాలో స్కూబాను పూర్తిగా తీసేయడం మామూలే. విడిగా రక్షణ తీసుకోవాలేమో, ఎంత లోతు వరకు ఇస్తారో చదివి సంతకం పెట్టండి.

బాబు గురించి మీ లెక్కలో పొరపాటు ఉంది. పదేళ్లు నిండని పిల్లలను సముద్రంలో స్కూబాకు దింపరు. ఒకరు దిగితే ఒకరు ఒడ్డున వాడితో ఉండాలి, ఖర్చూ తగ్గుతుంది. చివరి రోజు పొద్దున డైవింగ్, మధ్యాహ్నం విమానం అని రాశారు, అది మార్చండి. ఒకటికి మించి డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో కలిసిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. స్వరాజ్ ద్వీప్ (హావ్‌లాక్)లో స్కూబా ముందే ముగించి, చివరి రాత్రి శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్)లో ఉండండి. వాతావరణం బాగాలేక ఓడ ఆగిపోయినా ఆ ఒక్క రోజు ఆదుకుంటుంది.

బంగారం కుదువ పెట్టొచ్చా అని చివర్లో ఒక వాక్యం రాశారు. వద్దు.

ఈ ఏడాదే నీళ్లలోకి దిగాలని మరీ మనసు లాగితే, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవి ఉంది. అక్కడా పగడాలున్నాయి, విమానం అక్కర్లేదు. సాయంత్రాలు ఎప్‌సెట్ ట్యూషన్ చెబితే వచ్చే డబ్బు సరిపోయిన రోజున వెళ్లండి. నెలకు 15 వేలు పక్కన పెట్టడం మాత్రం అప్పుడు కూడా ఆగకూడదు.