పాఠకుల ప్రశ్నలు: అభిషిక్తుణ్ణి లెక్కలు అడగొచ్చా?

ప్రశ్న: మా సంఘంలో పాస్టర్ గారిదే ఆఖరి మాట. కమిటీ ఉంది కానీ పేరుకే. ఈ మధ్య ఇద్దరు అన్నయ్యలు కానుకల లెక్కలు అడిగితే, నా అభిషిక్తుల్ని ముట్టొద్దని దేవుడే అన్నాడు తెలుసా అని స్టేజీ మీద నుంచే అనేశారు. మొదటి శతాబ్దం సంఘం ఇలాగే నడిచేదట, మాదీ అదే పద్ధతట. నిజమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ వచనం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే దీన్ని చాలా చోట్ల ఇలాగే వాడేస్తున్నారు. అది 105వ కీర్తనలోది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పరదేశులుగా తిరుగుతున్నప్పుడు వాళ్లకి హాని చెయ్యొద్దని దేవుడు రాజుల్ని గద్దించిన సందర్భం అది. ఖాతా పుస్తకం చూపించమనడానికీ దానికీ ఏం సంబంధమండీ? పైగా డబ్బు విషయంలో పౌలు ఎంత జాగ్రత్తగా ఉన్నాడో రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో చూడండి, యెరూషలేములో ఉన్న బీద విశ్వాసుల కోసం చందా పోగు చేసినప్పుడు ఆ పని తన తోటి పనివాడు తీతు ఒక్కడికే వదిలేయకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని కూడా తోడు పంపాడు, ఇంత పెద్ద మొత్తం కదా రేపు ఎవరూ మమ్మల్ని వేలెత్తి చూపకూడదు, దేవుడి ముందే కాదు మనుషుల ముందు కూడా సరిగ్గా ఉండాలి అని కారణం కూడా రాశాడు. అపొస్తలుడే అడక్కముందే లెక్కకి నిలబడితే మిగతావాళ్లకి మినహాయింపు ఎక్కడిది!

ఇక మొదటి శతాబ్దం. ఎఫెసు సంఘం పెద్దల్ని పౌలు మిలేతుకి పిలిపించాడు, పెద్దల్ని అంటే ఒకణ్ణి కాదు, కొందరిని. ఫిలిప్పీకి రాసిన ఉత్తరం మొదట్లోనే అధ్యక్షులు (అంటే బిషప్పులు), పరిచారకులు (అంటే డీకన్లు) అని ఉంటుంది, అక్కడా ఒక్కడు కాదు. ఒక పట్నానికి ఒకే బిషప్పు అనే పద్ధతి గట్టిగా కనపడేది రెండో శతాబ్దం మొదట్లో, అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ ని చంపడానికి సైనికులు రోముకి తీసుకెళ్తుంటే దారిలో ఆయన రాసిన ఉత్తరాల్లో. బిషప్పుకి తెలియకుండా ఏదీ చెయ్యొద్దని ఆయన గట్టిగానే చెప్పాడు, కానీ చెప్పిన ప్రతిసారీ దాదాపుగా పెద్దల సభని, డీకన్లని కూడా కలిపే చెప్పాడు. మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియన్ అయితే తన పెద్దలకి, డీకన్లకి రాస్తూ, నేను బిషప్పునైన దగ్గర్నుంచీ మీ సలహా, జనం ఒప్పుకోలు లేకుండా నా సొంతంగా ఏదీ చెయ్యకూడదని పెట్టుకున్నాను అన్నాడు. 325లో నైసియాలో కూడిన బిషప్పుల సభ ఇంకో తాళం వేసింది, కొత్త బిషప్పుని నియమించాలంటే ఆ ప్రాంతం బిషప్పుల్లో కనీసం ముగ్గురు వచ్చి చేతులుంచాలి, రాలేనివాళ్లు ఉత్తరం ద్వారా సమ్మతి చెప్పాలి. తర్వాత 1541లో జెనీవాలో ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ బాధ్యతల్ని పాస్టర్లు, బోధకులు, పెద్దలు, డీకన్లు అని నాలుగుగా విడగొట్టాడు. బాప్టిస్టులు వచ్చేసరికి ముఖ్యమైన విషయాలు సంఘమంతా కూర్చుని తేల్చుకునే పద్ధతి.

బిషప్పు పద్ధతి రైటా, పెద్దల పద్ధతి రైటా, అందరూ కలిసి నిర్ణయించడం రైటా అని నేను తీర్పు చెప్పను, వెతికితే మూడింటికీ ఏదో ఒక ఆధారం దొరుకుతుంది. దొరకనిది ఒక్కటే, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని నాయకుడు. పేతురంతటివాణ్ణి అంతియొకయలో పౌలు ముఖం మీదే నిలదీశాడు. మొదటి తిమోతి 5వ అధ్యాయంలో పెద్ద మీద ఫిర్యాదు వస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని ఉంది, అంటే ఫిర్యాదు తీసుకునే పద్ధతి అప్పుడే ఉందన్నమాట. మీ అన్నయ్యలు ఎలాగూ ఇద్దరున్నారు కాబట్టి ఈసారి నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసి, ఫలానా ఏడాది రాబడి ఖర్చులు బయటి ఆడిటర్ తో చూపించి సంఘం ముందు పెట్టమని అడగమనండి. నిందలు మాత్రం వద్దు, లెక్క చూడకముందే దొంగ అనేస్తే అది కూడా తప్పే.

ప్రశ్న: యేసు దేవుడని 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఓటింగ్ పెట్టి డిసైడ్ చేశాడని, బైబిల్ పుస్తకాలు కూడా అక్కడే ఎంచారని ఒక వీడియో తెగ తిరుగుతోంది. మా అబ్బాయి అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు.

జవాబు: ఆ వీడియోలో నిజం కొంచెం ఉంది, అందుకే అంత సులువుగా నమ్మేస్తున్నారు. ఆ నైసియా సభ పిలిచింది చక్రవర్తే, సభ తీర్మానం మీద సంతకం పెట్టనివాళ్లని ప్రవాసానికి పంపిందీ ఆయనే. కానీ అక్కడ గొడవ యేసు దేవుడా మామూలు మనిషా అని కాదు. అలెగ్జాండ్రియాలో సంఘ పెద్దగా ఉన్న అరియస్ కూడా కుమారుడు లోకం కంటే ముందున్నాడు, ఆయన ద్వారానే అన్నీ కలిగాయి అనేవాడు, కాకపోతే ఆయన కూడా సృష్టించబడినవాడే, ఆయన లేనిది ఒకప్పుడు ఉంది అన్నాడు. సభ దాన్ని కాదని, తండ్రిదీ కుమారుడిదీ ఒకే సారం అంది. దానికి రెండు వందల ఏళ్ల ముందే, సుమారు 112లో, బితూనియ అనే రోమా ప్రాంతానికి గవర్నరు ప్లినీ తన చక్రవర్తికి రాసిన రిపోర్టులో ఈ క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తుకి దేవుడికి పాడినట్టు పాట పాడతారు అని రాశాడు. ఆయన క్రైస్తవుడు కాదు, వాళ్లని విచారించి శిక్షించినవాడు, కాబట్టి వాళ్ల పక్షాన కల్పించి రాయాల్సిన పని ఆయనకి లేదు.

ఇంకోటి, చక్రవర్తి గీత గీశాడు అందరూ దాటలేదు అనే కథ కూడా నిలబడదు. అదే కాన్‌స్టంటైన్ తర్వాత మెత్తబడి, నైసియా పక్షాన గట్టిగా నిలబడ్డ అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ ని 335లో దేశబహిష్కారం చేశాడు, చివరికి 337లో తాను బాప్తిస్మం తీసుకుంది అరియస్ ని వెనకేసుకొచ్చిన బిషప్పు దగ్గర! అథనాసియస్ మొత్తం ఐదుసార్లు బహిష్కారానికి గురయ్యాడు, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా ఆ రగడ నడుస్తూనే ఉంది. ఇక పుస్తకాల ఎంపిక నైసియాలో అసలు జరగనే లేదు. ఇప్పుడు మన చేతిలో ఉన్న కొత్త నిబంధన 27 పుస్తకాలూ సరిగ్గా అవే లిస్టుగా 367లో కనపడతాయి, ఆ లిస్టు రాసింది మళ్లీ ఈ అథనాసియస్సే, ఈస్టరు ఉత్తరంలో.

ప్రశ్న: ఆరాధనలో డ్రమ్స్, కీబోర్డు లోకసంబంధం అని మా పెద్దవాళ్లు, ఇవి లేకపోతే యూత్ రారని మేము. పాతకాలంలో ఏముండేది?

జవాబు: పాతకాలం అంటే మరీ పాతకాలమైతే గొంతు ఒక్కటే. నాటకశాలల్లో, విగ్రహాల పండగల్లో వాయిద్యాలు మోగేవి కాబట్టి నాలుగో శతాబ్దం ప్రసంగీకులకి వాటి మీద మంట, తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో ఎక్కువ చోట్ల ఇప్పటికీ గొంతే. 1520ల్లో జూరిక్ లో సంస్కర్త జ్వింగ్లి అయితే తాను రకరకాల వాయిద్యాలు వాయించగల మనిషి అయ్యుండి కూడా ఆరాధనలో ఆర్గన్ నే కాదు పాటనే ఆపించేశాడు, అదే టైములో జర్మనీ సంస్కర్త లూథర్ జనం పాడాలని తనే కూర్చుని పాటలు రాశాడు. ఇప్పుడు మీ పెద్దవాళ్లు పద్ధతైన వాయిద్యం అనుకునే ఆర్గన్ కూడా ఒకప్పుడు ఇలా తిట్లు తిన్నదే. నా మట్టుకు నాకు డ్రమ్స్ తో పేచీ లేదు, సౌండ్ పెంచేసి పక్కనున్నవాడి పాట వినపడకుండా చేస్తే మాత్రం పేచీ ఉంది, అప్పుడు స్టేజీ మీద నలుగురు పాడతారు, మిగతా అందరూ చూస్తారు.

ప్రశ్న: ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) ప్రతి ఆదివారం ఉండాలా, నెలకోసారి చాలా?

జవాబు: సుమారు 155లో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసినదాన్ని బట్టి ప్రతి ఆదివారం ఉండేది, రానివాళ్లకి డీకన్లు ఇంటికి తీసుకెళ్లి ఇచ్చేవాళ్లు కూడా. మధ్యయుగాలకి జనం తీసుకోవడం ఎంత తగ్గిపోయిందంటే 1215లో రోములో కూడిన లాటరన్ సభ ఏడాదికి ఒక్కసారైనా ఈస్టరుకి తీసుకోండి అని రూలు పెట్టాల్సి వచ్చింది. కాల్విన్ వారం వారం కావాలన్నాడు, జెనీవా కౌన్సిల్ ఏడాదికి నాలుగుసార్ల దగ్గర ఆపేసింది. నా ఓటు వారం వారానికే.

ప్రశ్న: బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ముంచాలా, చిలకరిస్తే సరిపోతుందా? ఒక్క మాటలో చెప్పండి.

జవాబు: ఒక్క మాటలో తేలేదైతే ఇన్ని సంఘాలు ఎందుకవుతాయండీ! దిదాఖే అనే చాలా పాత పుస్తకం, 1873లో కాన్‌స్టాంటినోపుల్ లో మళ్లీ దొరికింది, పారే నీళ్లలో ఇవ్వమంటుంది, అవి లేకపోతే వేరే నీళ్లు, చన్నీళ్లు కుదరకపోతే వేణ్ణీళ్లు, అసలు చాలినన్ని లేకపోతే తల మీద మూడుసార్లు పొయ్యమంటుంది. ఇచ్చేవాడూ తీసుకునేవాడూ ముందు ఉపవాసం ఉండాలని కూడా దాన్లోనే ఉంది, దీని మీద మాత్రం రెండు పక్షాలవాళ్లూ గొడవపడటం నేనింకా చూడలేదు.