జీ+2 ఇంటి స్లాబ్ నాణ్యత ఏ పరికరాలతో చూసుకోవాలి? (విజయవాడ)

ముందు కొనాల్సిన పరికరమేమీ లేదు, అడగాల్సింది బ్యాచ్ స్లిప్. రెడీమిక్స్ ప్లాంటు కంప్యూటరు సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ల బరువులు, నీళ్లు కలిపిన టైముతో సహా ప్రింట్ ఇస్తుంది. ప్రతి లారీ స్లిప్పునీ ఫోటో తీసి పెట్టుకోండి.

అసలు తప్పు సైట్లో జరుగుతుంది. ట్రాఫిక్‌లో ఆలస్యమై, ఎండకి మాల్ (కలిపిన కాంక్రీటు) బిగుసుకుంటే మేస్త్రీ నీళ్ల పైపు పెట్టేస్తాడు. 6 ఘనమీటర్ల లారీలో 60 లీటర్లు పోస్తే ఘనమీటరుకి 10 లీటర్లు పెరిగినట్టు. ఘనమీటరుకి 350 కిలోల సిమెంటున్న మిక్సులో సిమెంటుతో నీటి నిష్పత్తి 0.45 నుంచి 0.48కి చేరుతుంది, బలం తగ్గుతుంది. జారుడు కావాలంటే నీళ్లు కాదు, ప్లాంటు వాళ్లు చెప్పిన మోతాదులో అడ్మిక్చర్ (నీళ్లు పెంచకుండా మాల్‌ని జారేలా చేసే రసాయనం) వేయించాలి. మే నెలలో అయితే పోత తెల్లవారుజామునే మొదలుపెట్టండి.

14 ఘనమీటర్ల పోతకి ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణం) ప్రకారం 2 శాంపిళ్లు, ఒక్కోదానికి 150 మి.మీ. కాంక్రీటు క్యూబులు 3. ఇవి 28 రోజులకి ల్యాబులో నొక్కి బలం చూసే పరీక్షకి. 7 రోజులకీ చూడాలంటే అదనంగా పోయించాలి. క్యూబు ల్యాబుకెళ్లే ముందు దాని మీద తేదీ రాయించడం మరిచిపోతారు, అక్కడే గందరగోళం.

రిబౌండ్ హామర్‌ని (గట్టిపడిన కాంక్రీటు మీద కొట్టి, ఎంత ఎగిరిందో కొలిచే పరికరం) మాత్రం అతిగా నమ్మకండి. అది పైపొర గట్టిదనమే చెబుతుంది. తడి స్లాబ్‌పై తక్కువ, పాతబడి కార్బొనేట్ అయిన (గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో పైపొర గట్టిపడిన) స్లాబ్‌పై ఎక్కువ చూపిస్తుంది. లోపలి బోలు పట్టాలంటే ధ్వని తరంగాలు పంపి చూసే అల్ట్రాసోనిక్ పరీక్షే.

కవర్ బ్లాకులు (ఇనుప చువ్వల కింద పెట్టి, వాటి చుట్టూ కాంక్రీటు పొర ఉండేలా చేసే దిమ్మలు), 20 మి.మీ.వి, పోతకి ముందే ఫోటో తీయండి. తర్వాత ఆ పొర మందం కొలిచే కవర్ మీటరు లోపం చూపిస్తుంది కానీ సరిచేయదు.