లెన్స్ అమ్మెయ్యకు, అల్లుడూ

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

గంజాం జిల్లా భేటనైలో నువ్వు తీసిన కృష్ణజింకల ఫోటోలు చూశాను. అన్నీ మసకగా వచ్చాయని, లెన్స్‌లోనే లోపం ఉందేమో, అమ్మేస్తానన్నావు. అమ్మెయ్యకు. ముందు వాటిని పెద్దవి చేసి చూడు. మూడోదాంట్లో జింకతో పాటు గడ్డి కూడా ఒకే వైపు సాగింది. అంటే నీ చెయ్యి కదిలింది. ఆరోదాంట్లో గడ్డి పరకలు స్పష్టంగా ఉన్నాయి, దూకే కాళ్ళే చెరిగాయి. అది జింక వేగం. చివరిదాంట్లో వెనక పొద మాత్రం ఆకు ఆకూ తెలుస్తోంది. ఫోకస్ దాని మీద పడింది. మూడూ వేర్వేరు జబ్బులు.

నీ కెమెరాది చిన్న సెన్సర్. అందులో 400 ఎం.ఎం. లెన్స్ 600 లాగా చూపిస్తుంది. కాబట్టి చేత్తో పట్టి తీస్తే, నిలబడ్డ జింకకైనా షట్టర్ వేగం ఆ అంకెకు తగ్గట్టు సెకనులో 1/600 వంతు కంటే నెమ్మదించకూడదు. నేనైతే 1/1000 పెడతాను, పరిగెత్తేదానికి 1/2000. స్టెబిలైజేషన్ నీ చేతి వణుకును సర్దుతుంది గానీ జింక కాళ్ళను ఆపలేదు.

నువ్వు 1/250 దగ్గరే ఆగింది ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం, పెంచితే బొమ్మలో నలుసులొస్తాయన్న భయంతో. నేనూ అదే చేశాను. మొదటి చలికాలం చిలికా సరస్సు ఒడ్డున రంభలో పడవెక్కి, ఐఎస్‌ఓ 400 దాటనివ్వకుండా పొద్దుటంతా సూదితోక బాతుల్ని తీశాను. ఇంటికొచ్చి చూస్తే ఒక్కదానికీ కన్ను కనబడలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. 1600కి, 3200కి వెళ్ళనీ. నలుసులు తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన బొమ్మను బాగుచెయ్యలేం.

ఎడమ అరచెయ్యి లెన్స్ కింద బాగా ముందుకు పెట్టు, మోచేతులు పక్కలకు ఆనించు. వెనక తెరలో చూసి తీయకు, కంటికి ఆనించుకో. నుదురు కూడా ఆసరాయే. బటన్ మెల్లగా నొక్కి వరసగా నాలుగైదు తీయి. మొదటిది కదిలినా మూడోదో నాలుగోదో నిలుస్తుంది. పడవలోనైతే అంచు మీద మోచెయ్యి పెట్టకు, ఇంజన్ అదురు లెన్స్‌కి ఎక్కుతుంది. కాసేపు ఇంజన్ ఆపమని అడుగు.

నీ ఫోటోల్లో సగం పదకొండు దాటాక తీసినవి. ఎండెక్కితే పొలం మీద గాలి ఉడికి, దూరపు జింక నీళ్ళలో నీడలా వంకరలు పోతుంది. దానికి ఏ లెన్సూ పనికిరాదు. పొద్దు పొడిచేసరికే అక్కడుండాలి. జింకల వెంట పడకు. ఆ ఊళ్ళవాళ్ళు వాటిని తరతరాలుగా కాపాడుకొస్తున్నారు. గట్టు మీద కదలకుండా కూర్చుంటే అవే దగ్గరికొస్తాయి. కూర్చున్నప్పుడు మోచేతి ఎముకను కాదు, దాని పై కండను మోకాలికి ఆనించు. ఎముక మీద ఎముక జారుతుంది.

శనివారం రాత్రికే ఇంటికి వచ్చెయ్. నాలుగింటికి బయల్దేరదాం.

మీ మామయ్య