స్నానం అంటే రక్కే మామ్మగారి గురించి

అమ్మడూ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పినదంతా విన్నాను. మధురవాడలో మీ వృద్ధాశ్రమం దాకా రోజూ బస్సులో పడి వెళ్లి, పెద్దవాళ్ల చేత తిట్లూ దెబ్బలూ తిని రావడం కష్టమే. ఆ మామ్మగారు స్నానం అంటే చాలు గోళ్లతో రక్కేస్తున్నారని, డాక్టర్‌తో చెప్పి మత్తు మాత్ర పెంచుదామని మీ ఇన్‌ఛార్జి అంటున్నారని అన్నావు. తొందరపడొద్దని చెప్పు. ముందు ఆవిడకి ఎక్కడ నొప్పో చూడండి.

డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ముదిరినంత మాత్రాన నొప్పి పోదు. చెప్పే శక్తే పోతుంది. అరిగిన మోకాళ్లు, పుచ్చిన పన్ను, మలబద్ధకం, పక్కపుండు అన్నీ అలాగే ఉంటాయి. అవి అరుపుగానో, తిట్టుగానో, అన్నం కంచం తోసెయ్యడంగానో బయటికొస్తాయి. కొందరు గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంటారు. గొడవ చెయ్యరు కాబట్టి వాళ్లని "పాపం, చాలా మంచివారు" అని వదిలేస్తాం. నా అనుభవంలో ఎక్కువ నష్టపోయేది వాళ్లే.

కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషిని చూస్తే ఏమీ తెలియదు. లేపేటప్పుడు, పక్క మార్చేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు చూడాలి. మామ్మగారి జాకెట్టు విప్పేటప్పుడు నీ కళ్లు హుక్కుల మీద కాకుండా ఆవిడ మొహం మీద పెట్టు. చెయ్యి వెనక్కి లాగగానే కనుబొమలు ముడిపడి, పెదవులు బిగుసుకుని, ఊపిరి ఒక్క క్షణం ఆగిందనుకో, ఆ భుజం పట్టేసి ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి ఇది మరీ ఎక్కువ. ఆ తరవాత పడే దెబ్బ నిన్ను కొట్టాలని కాదు, ఆ చెయ్యి వదిలెయ్యమని. తొడిగేటప్పుడు నొప్పి ఉన్న చెయ్యి ముందు తొడుగు, విప్పేటప్పుడు ఆఖరున విప్పు. ముందు బొత్తాలున్న వదులు నైటీలు తెమ్మని వాళ్లమ్మాయికి చెప్పు. డాక్టర్ పారాసెటమాల్ రాసి ఉంటే ఒక డోసు స్నానానికి ముప్పావుగంట ముందు పడేలా టైము సర్దించు.

నొప్పి చెప్పలేని డిమెన్షియా వాళ్లకి నొప్పి ఎంతుందో అంచనా వెయ్యడానికి పెయినాడ్ అని ఒక స్కేలు ఉంది, 2003 నుంచి వాడుకలో ఉంది. ఊపిరి, మూలుగులు అరుపులు, మొహం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరుకుంటారా లేదా అని ఐదు సంగతులు చూస్తాం. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. ఐదు నిమిషాలు ఒకచోట నిలబడి చూసి వెయ్యి, నడుస్తూ నడుస్తూ వెయ్యకు. ఒకరి అంకెని ఇంకొకరితో పోల్చకు. అదే మనిషికి మందు ముందు ఎంత, మందు తరవాత ఎంత అన్నదే నీకు పనికొచ్చేది. భయం వేసినా, ఆకలేసినా, మన ఊరి ఉక్కపోతకి ఫ్యాను ఆగినా స్కోరు పెరుగుతుంది. అవి కూడా చూసుకో.

కాస్త మాట్లాడగలిగేవాళ్లని అడగడం మానకు. "నొప్పా?" అంటే లేదనేవాళ్లే "పీకుతోందా, సలుపుతోందా, మంటగా ఉందా?" అంటే తలూపుతారు. నిన్నటి సంగతి అడక్కు, ఇప్పటిది అడుగు, ఆ చోట చెయ్యి పెట్టి మరీ అడుగు. నేవీలోనో స్టీల్‌ప్లాంట్‌లోనో చేసి ఇక్కడే ఉండిపోయిన ఒడియా, బెంగాలీ వాళ్లూ మీ దగ్గర ఉంటారు. జబ్బు ముదిరేకొద్దీ తరవాత నేర్చుకున్న తెలుగే ముందు జారిపోవచ్చు, వాళ్ల భాషలో నాలుగు మాటలు రాయించి గోడకి అంటించు. ఆదివారాలు వచ్చే పిల్లల్ని "తలనొప్పొస్తే మీ అమ్మ ఏం చేసేది?" అని అడుగు. అమృతాంజనం సీసా కోసం దిండు కింద తడుముకునే అలవాటున్న మనిషి ఇప్పుడూ తడుముకుంటుంటే, అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మందు విషయంలో నాకు కోపం తెప్పించేది ఒకటుంది. చీటీ మీద "ఎస్ఓఎస్" అని రాస్తారు, అంటే అవసరమైతే ఇవ్వమని; అడిగితేనే ఇస్తారు. అడగలేని మనిషికి అది ఎప్పటికీ అందదు. రోజూ వేళకి ఇచ్చేలా రాయమని డాక్టర్ని మర్యాదగా అడుగు. 2011లో వచ్చిన నార్వే అధ్యయనంలో, 18 నర్సింగ్ హోముల్లో 352 మందిని తీసుకుని, దాదాపు సగం మందికి ఇలా మెట్టు మెట్టుగా నొప్పి మందులు సర్ది 8 వారాలు చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్లతో పోలిస్తే వీళ్లలో గొడవ, అలజడి తగ్గాయి. చాలామందికి సరిపోయింది వట్టి పారాసెటమాలే. పెద్దవాళ్లకి రోజుకి 3 గ్రాములు దాటనివ్వరు. 50 కిలోలకి తక్కువున్నా, కాలేయం జబ్బున్నా ఇంకా తగ్గిస్తారు. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసెటమాలే ఉంటుంది, రెండూ కలిపి ఇచ్చెయ్యకు. మెడికల్ షాపులో అడిగి తెచ్చే డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ నొప్పి మాత్రలతో కిడ్నీలూ కడుపూ పాడవ్వొచ్చు. మోకాలికైతే పైన రాసే జెల్ నయం, అదీ డాక్టర్ని అడిగే. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు మొదలుపెడితే మగత, అయోమయం, మలబద్ధకం వస్తాయేమో కనిపెట్టు. మత్తు కోసం ఇచ్చే మానసిక జబ్బుల మందుల వల్ల డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో మరణాలు పెరుగుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. మీ ఇన్‌ఛార్జికి ఈ సంగతి చెప్పు, నా పేరు చెప్పినా ఫర్వాలేదు.

మాత్ర కన్నా ముందు చూడాల్సినవీ ఉన్నాయి. దొడ్డికి వెళ్లి ఎన్ని రోజులైంది? కట్టుడు పళ్లు తీసి చిగుళ్లు చూశారా? మడమలు, పిరుదులు ఎర్రబడ్డాయా? సాయంత్రమయ్యేసరికి పంచె లాక్కుంటూ కుదురుగా కూర్చోలేని తాతగారిని పిచ్చి ముదిరిందనే ముందు పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడు. గట్టిగా ఉబ్బి ఉంటే ఉచ్చ బిగిసి ఉండొచ్చు, ట్యూబు వేస్తే కుదుటపడొచ్చు.

ఇలా ఉచ్చ బిగిసినా, పడి లేచాక కాలు మోపనివ్వకపోయినా, ఆ కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉన్నా, పొట్ట చెక్కలా బిగుసుకున్నా, స్కోర్లు వేస్తూ కూర్చోకు. రాత్రి రెండైనా సరే 108కి ఫోన్ చేసి విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రికో, దగ్గర్లో ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికో పంపించు. పంపేటప్పుడు మందుల చీటీ వెంట పెట్టు.

ఆశీస్సులతో,
మీ పిన్ని
సీతమ్మధార