ఇద్దరు భార్యల్లో ముందు ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: నాకు ఇద్దరు భార్యలు, వేర్వేరు ఇళ్లలో ఉంటారు. పది రోజుల క్రితం నాకు హెచ్‌ఐవీ ఉందని తేలింది, మందులు మొదలుపెట్టాను. చిన్నావిడకు ఐదో నెల. ఇప్పుడు తట్టుకోలేదని, పెద్దావిడకు మాత్రం ఇప్పుడే చెప్పి, చిన్నావిడకు కాన్పు అయ్యాక చెబుదామనుకుంటున్నాను. సరేనా?

జవాబు: వద్దు. ఆలస్యం చేయకూడనిది చిన్నావిడ విషయంలోనే. ఆమెకు సోకి ఉండి మందులు పడకపోతే కడుపులోనో, కాన్పులోనో, పాల ద్వారానో బిడ్డకు చేరే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది. ఇప్పుడే మందులు మొదలైతే 5 కంటే తక్కువకు దిగుతుంది. నెల తప్పిన కొత్తలో చేసిన పరీక్షలో ఏమీ లేదని వచ్చినా దాన్ని నమ్ముకోకండి, ఆ తర్వాత సోకి ఉండొచ్చు.

గత 72 గంటల్లో ఇద్దరిలో ఎవరితోనైనా కండోమ్ లేకుండా కలిసి ఉంటే, మిగతాది తర్వాత చదవండి. ఆమెను ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆమెకు అప్పటికే సోకి ఉండకపోతే, 28 రోజులు వాడే నివారణ మందులు ఇస్తారు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు.

ఇద్దరికీ ఒకే రోజు చెప్పండి, కానీ విడివిడిగా, చిన్నావిడతో మొదలుపెట్టి. ఒకరి సంగతి మరొకరి నోట వింటే గొడవంతా ‘నాకెందుకు దాచావు’ దగ్గరే ఆగిపోయి పరీక్ష వెనకబడుతుంది. ముందుగానే ఇద్దరికీ పరీక్షకు సమయం మాట్లాడి ఉంచుకోండి. మాట పొడిగించొద్దు: “నాకు హెచ్‌ఐవీ ఉందని తేలింది. మందులు వాడుతున్నాను. నీకూ పరీక్ష చేయించాలి, రేపు పొద్దున వెళదాం.” తర్వాత ఆమెను మాట్లాడనివ్వండి.

‘ఎవరు తెచ్చారు’ అన్న ప్రశ్న తప్పక వస్తుంది. మామూలు పరీక్ష దానికి జవాబివ్వదు. ముందు బయటపడినవారే ముందు సోకినవారని కూడా కాదు. ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోవడమూ మామూలే. అలా వస్తే ఒకరి రిపోర్టు మరొకరి ఇంటికి మోయకండి, అది ఆమె సొంత విషయం.

చెప్పడానికి నోరు రాకపోతే మీరు మందులు తీసుకునే చోట కౌన్సెలర్ ఎదుట చెప్పొచ్చు. మీ పేరెత్తకుండా వాళ్లే కబురు పంపే పద్ధతీ ఉంది. అయితే ఉన్న ఒక్క భర్త ఎవరో భార్య ఊహించలేదా?

లేదని తేలినవారికి మూడు నెలలకు మళ్లీ పరీక్ష కావాలి. మీ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పరీక్షలో కనపడనంతగా తగ్గేదాకా, అంటే సాధారణంగా ఆరు నెలలు, రెండు ఇళ్లలోనూ కండోమ్ తప్పదు. ఒక ఇంట్లో వాడి ఇంకో ఇంట్లో మానేస్తే ఆ రెండో ఇంటికి రక్షణ ఏదీ? పెద్దావిడకు ఉందని తేలితే, పైకి ఆరోగ్యంగా కనిపించినా ఆమె పిల్లలకూ పరీక్ష చేయించండి.